అన్నీ ‘కొద్దిగానే’ తేడా!

ఈ వారం ఒక సోదరి రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. పేరూ ఊరూ వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఉత్తరాన్ని కొంత కుదించాను.

“మా వారికి 46 సంవత్సరాలు. కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 74 కిలోలు. చూడడానికి లావు మనిషి కారు. కాళ్ళూ చేతులూ సన్నమే, పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది. కిందటి నెల ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేయించారు. పరగడుపున చక్కెర 112, ట్రైగ్లిసరైడ్లు 230, మంచి కొలెస్టరాల్ 35, బి.పి. 134/88 అని వచ్చాయి. ‘అన్నీ కొద్దిగానే తేడా, షుగరు జబ్బు లేదు, తిండి జాగ్రత్త’ అన్నారట. మా వారు ధీమాగా ఉన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మా బావగారికీ ఇలాగే అన్నీ కొద్దికొద్దిగానే తేడా ఉండేవి. 51వ ఏట గుండెపోటుతో పోయారు. నేను నెయ్యి పూర్తిగా ఆపేశాను. రాత్రిపూట అన్నం మానిపించి నాలుగు చపాతీలు పెడుతున్నాను. తెలిసినవారొకరు పోషకాహారపు పొడి డబ్బా తెచ్చి, నెలకు మూడు వేలవుతుంది, మూడు నెలలు తాగితే అన్నీ సర్దుకుంటాయంటున్నారు. పిల్లల ట్యూషను మానిపించైనా కొందామనుకుంటున్నాను. కొనమంటారా?”

అమ్మా, కొనవద్దు. పిల్లల ట్యూషను మానిపించవద్దు. కాని మీ భయం మాత్రం ఉత్తి భయం కాదు. మీ వారి ధీమా కన్నా మీ భయమే సత్యానికి దగ్గరగా ఉంది. ఎందుకో చెబుతాను. ఇలాంటి రిపోర్టు బీరువాలో పెట్టుకున్న ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి కనుక మిగిలిన పాఠకులు కూడా శ్రద్ధగా చదవండి.

అయిదు లెక్కలు

ఒక రిపోర్టులో ఏ అంకెకు ఆ అంకెను విడిగా చూస్తే ఏదీ ప్రమాదంగా కనిపించదు. చక్కెర 126 దాటలేదు కనుక మధుమేహం కాదు. బి.పి. 140 దాటలేదు. కాని ఈ చిన్న తేడాలు ఒకే మనిషిలో ఒకేసారి కనిపించడం యాదృచ్ఛికం కాదని వైద్యులు చాలాకాలం క్రితమే గమనించారు. 1988లో అమెరికాలో జెరాల్డ్ రీవెన్ అనే వైద్యుడు వీటన్నిటి వెనుకా ఒకే మూలం ఉందని చెప్పి, దానికి ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్నే ‘మెటబాలిక్ సిండ్రోమ్’ అంటున్నారు. శరీరంలో ఆహారాన్ని శక్తిగా మార్చుకునే ఏర్పాటు గాడి తప్పడమని అర్థం.

దీన్ని గుర్తించడానికి అయిదు లెక్కలున్నాయి.

1. నడుము చుట్టుకొలత: మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు (సుమారు ముప్పై అయిదున్నర అంగుళాలు), ఆడవారికి 80 సెంటీమీటర్లు (సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు) లేదా అంతకు మించి.
2. ట్రైగ్లిసరైడ్లు 150 లేదా అంతకు మించి.
3. మంచి కొలెస్టరాల్, అంటే హెచ్.డి.ఎల్., మగవారికి 40 కన్నా, ఆడవారికి 50 కన్నా తక్కువ.
4. బి.పి. పై అంకె 130 గాని, కింది అంకె 85 గాని, అంతకు మించి గాని.
5. పరగడుపు చక్కెర 100 లేదా అంతకు మించి.

వీటిలో ఏ మూడు ఉన్నా ఆ మనిషికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్లే. బి.పి.కి గాని చక్కెరకు గాని ఇప్పటికే మందు వాడుతున్నవారు, అంకె బాగున్నా ఆ లెక్క ఉన్నట్లే చూసుకోవాలి. మీ వారికి రక్తపరీక్షలోనూ బి.పి.లోనూ కలిపి నాలుగు ఉన్నాయి. నడుము కొలిస్తే అయిదోది కూడా బయటపడుతుందనే నా అనుమానం. ఇది ఉన్నవారికి లేనివారికన్నా మధుమేహం వచ్చే అవకాశం సుమారు అయిదు రెట్లు, గుండెజబ్బు వచ్చే అవకాశం సుమారు రెండు రెట్లు. కనుక నాలుగు ‘కొద్దిగా’లు కలిస్తే అది కొద్ది కాదు.

నడుమును ప్యాంటు కట్టుకునే చోట కొలవకూడదు. మనవాళ్ళు ప్యాంటు పొట్ట కిందికి దించి కట్టి, పదేళ్ళుగా అదే సైజు అని సంతోషిస్తుంటారు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, చొక్కా తీసి, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత టేపు పెట్టి కొలవాలి. పొట్ట లోపలికి బిగించకూడదు.

లావు లేని మనిషికి ఎందుకు వచ్చింది?

కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ చేరిందన్నది ముఖ్యం. చర్మం కింద, తొడల దగ్గర చేరిన కొవ్వు అంత హాని చేయదు. పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు హాని చేస్తుంది. అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. ఇన్సులిన్ అంటే రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపించే తాళంచెవి అనుకోండి. తాళం తుప్పుపడితే చెవి ఎంత తిప్పినా కష్టంగా తిరుగుతుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది. ఆ కొన్నేళ్ళలోనే కాలేయం మిగులు చక్కెరను కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది, బి.పి. పెరుగుతుంది. చివరికి క్లోమం అలసిపోయినప్పుడు షుగరు జబ్బు వచ్చిందంటాం. నిజానికి అది వచ్చి కూర్చుని చాలాకాలం అయివుంటుంది.

మన దేశస్థులలో కండ తక్కువ, పొట్ట కొవ్వు ఎక్కువ. పూనాలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డలను పరీక్షించి, మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువగా ఉండి కూడా కొవ్వు పాలు ఎక్కువగా కలిగివుంటారని చూపించింది. అందుకే ఐరోపావారికి మగవారి నడుము హద్దు 94 సెంటీమీటర్లయితే మనకు 90 అన్నారు. కాళ్ళూ చేతులూ సన్నంగా ఉండి పొట్ట ముందుకు రావడం, మీరు రాసిన ఆ రూపమే, ఈ జబ్బు రూపం.

చపాతీ భ్రమ

మన ఇళ్ళలో షుగరు మాట వినగానే జరిగే మొదటి మార్పు రాత్రి అన్నం పోయి చపాతీ రావడం. ఇది తప్పని అనను గాని, ఇందులో ఉన్న మేలు మనం అనుకున్నంత లేదు. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. వంద గ్రాముల గోధుమపిండిలోనూ దాదాపు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. నాలుగు చపాతీలకు సుమారు 120 గ్రాముల పిండి పడుతుంది. పైన నూనె, పక్కన బంగాళాదుంప కుర్మా. ఇక బియ్యం మానేసి ఏం లాభం? చపాతీలో పీచు కొంచెం ఎక్కువ, మనవాళ్ళు అన్నం అంత తృప్తిగా తినలేక రెండిటితో ఆపుతారు. లాభం ఆ ఆపడంలో ఉంది, గోధుమలో కాదు.

నెయ్యి విషయమూ అలాంటిదే. ట్రైగ్లిసరైడ్లు అంటే కొవ్వు, కనుక నెయ్యి ఆపితే తగ్గుతాయని అందరూ అనుకుంటారు. వాటిని పెంచేది మితిమీరిన అన్నం, పంచదార, బెల్లం, మైదా, సారాయం. నెయ్యి ఒక్క చెంచా వేసుకుంటే 45 కేలరీలు. ఆ చెంచా ఆపేసి, దానికి బదులు ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టించుకుంటే జమా ఖర్చు తలకిందులవుతుంది.

పళ్ళెంలో మార్చవలసినవి

మన భోజనంలో దోషం ఒక్కటే. అన్నం గుట్ట, దాని పక్కన పిడికెడు కూర. దీన్ని తిరగెయ్యాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ధాన్యాలు సుమారు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ధాన్యాలంటే ఇడ్లీ, ఉప్మా, అన్నం, చపాతీ, అటుకులు అన్నీ కలిపి. పొట్ట తగ్గవలసిన మీ వారికి 200 గ్రాములు చాలు. దాన్ని ఇలా పంచండి.

ఉదయం: కాఫీలో పంచదార మొదట సగానికి, తరువాత పావుకు తగ్గించండి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలయితే 40 గ్రాముల పంచదార అవుతుంది. అసలు రోజు మొత్తానికి 25 గ్రాములు మించకూడదు. టిఫినుకు రెండు పెసరట్లు, నూనె తక్కువగా కాల్చి, అల్లం చట్నీలో బెల్లం లేకుండా. ఉప్మా పెసరట్టు వద్దు. ఇడ్లీ అయితే రెండు, కూరముక్కలు నిండుగా ఉన్న సాంబారుతో. వారానికి మూడు నాలుగు రోజులు గుడ్డు తినవచ్చు.

మధ్యాహ్నం: 80 గ్రాముల బియ్యం, ఇంట్లో ఒక చిన్న గ్లాసు కొలుచుకుని గుర్తుపెట్టుకోండి. వండితే సుమారు మూడింతల బరువవుతుంది. పళ్ళెంలో మొదట కూర, పప్పు వడ్డించండి, అన్నం తరువాత. ముందు రెండు మూడు ముద్దలు ఉత్త కూర తినమనండి. ఇలా తింటే చక్కెర మెల్లగా ఎక్కుతుంది. బీర, సొర, పొట్ల, దొండ, బెండ, వంకాయ, గోరుచిక్కుడు, క్యాబేజీ, ఏ ఆకుకూరైనా సరే. బంగాళాదుంప, చేమ, కంద మాత్రం అన్నం ఖాతాలో రాసుకోవాలి. పప్పు చిక్కగా ఉండాలి. చారు నీళ్ళలో తేలే నాలుగు కందిబద్దలు పప్పు కింద లెక్క రావు. మాంసాహారులు చేపల పులుసు పెట్టుకోవచ్చు, వేపుడు వద్దు.

సాయంత్రం: అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆఫీసు నుంచి వస్తూ వస్తూ తినే మిరపకాయ బజ్జీలు, పునుగులు, బేకరీ పఫ్ ఇంటి పథ్యాన్నంతా పాడుచేస్తాయి. బదులుగా గుగ్గిళ్ళు, లేదా గుప్పెడు వేయించిన పల్లీలు, లేదా ఒక జామకాయ. పండు కొరుక్కుని తినాలి, రసం తీయకూడదు. మామిడిపండ్ల రోజుల్లో అరపండు, ఆ పూట అన్నం కొంచెం తగ్గించి.

రాత్రి: రెండు చపాతీలు లేదా జొన్నరొట్టెలు, నిండా కూర, మజ్జిగ. ఎనిమిది గంటలకల్లా. తిన్న తరువాత పదిహేను నిమిషాలు వీధిలో నడవాలి. మంచం మీద కూలబడడం కాదు.

కొర్రలు, రాగులు, జొన్నలు మంచివే. కాని అవీ ధాన్యాలే, మందులు కావు. తెల్లబియ్యానికి బదులుగా అదే కొలత తింటే మేలు, అన్నం పైన అదనంగా తింటే కీడు. రాగి పిండిని జావ కాచి బెల్లం వేసుకుని తాగేవారికి చక్కెర పెరిగితే ఆ నేరం రాగులది కాదు. బెల్లం, తేనె కూడా పంచదార చెల్లెళ్ళే.

నూనె, ఉప్పు: నెలసరి లెక్క

రోజూ గ్రాములు తూచుకోవడం ఏ ఇల్లాలికీ సాధ్యం కాదు. నెలకు లెక్క వేసుకోవడం సులువు. మనిషికి రోజుకు సుమారు 27 గ్రాముల నూనె అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. ఇందులో నెయ్యి, ఆవకాయలో నూనె అన్నీ కలిసినట్టే. మీ ఇంటికి నెలకు ఐదారు లీటర్లు వస్తుంటే జవాబు అక్కడే ఉంది. ఒకసారి కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదు. నలుగురికి నెలకు 600 గ్రాములు. ఇందులోనే ఊరగాయ, అప్పడాలు, వడియాలు, చట్నీలు. బి.పి. 134/88 ఉన్న మనిషికి రెండు పూటలా ఆవకాయ వడ్డించడం ప్రేమ కాదు. మానేయమనడం లేదు. ఒక్క ముక్క, ఒక్క పూట.

పొడి డబ్బా సంగతి

ఆ డబ్బా వెనుక అచ్చువేసిన చిన్న అక్షరాలు చదవండి. చాలా పొడులలో మొదటి వరుసలోనే చక్కెర గాని, మాల్టోడెక్స్ట్రిన్ అనే పిండి గాని ఉంటుంది. మాంసకృత్తులు ఉన్నా అవి పెసలలో, పెరుగులో, గుడ్డులో దొరికే మాంసకృత్తులే. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో ప్రొటీన్ పొడులకు దూరంగా ఉండమనే చెప్పింది. పొడి తాగి బరువు తగ్గినవారు లేకపోలేదు. ఒక పూట భోజనం మానేసి పొడి తాగితే ఎవరైనా తగ్గుతారు. మానగానే వచ్చేస్తుంది. దినుసుల పేర్లే లేని ‘మూలికా’ పొడులు కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

అయితే పోషక పదార్థాలు విడిగా ఎవరికీ అవసరం లేవని కాదు. పూర్తి శాకాహారులకు బి12 విటమిన్ కొరత ఉండవచ్చు. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారిలోనూ ఇది తగ్గుతుంది. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు ఉంటే పరీక్ష చేయించి తీసుకోవాలి. విటమిన్ డి తక్కువని తేలితే డాక్టరు చెప్పినంత కాలమే వాడాలి. చేపనూనె గొట్టాలు, దాల్చినచెక్క మాత్రలు, క్రోమియం బిళ్ళలు ఈ జబ్బును కుదురుస్తాయనడానికి తగిన ఆధారం లేదు. మెంతులలో పీచు ఉంది. వాటిపై మన పోషకాహార సంస్థలోనే పరిశోధనలు జరిగాయి. నానబెట్టి కూరలో, పిండిలో కలుపుకోవచ్చు. అవి ఆహారానికి తోడే గాని బదులు కావు. మందులు వాడుతున్నవారు డాక్టరుకు చెప్పి వాడాలి.

ఫలితం ఉంటుందా?

ఉంటుంది. మీ వారు 74 కిలోల నుంచి 70 కిలోలకు వస్తే చాలు, అంకెలలో తేడా కనిపిస్తుంది. ట్రైగ్లిసరైడ్లు అన్నిటికన్నా ముందు దిగుతాయి. మూడు నెలలకు పరీక్షలు మళ్ళీ చేయించండి. వారానికి 150 నిమిషాల వేగపు నడక దీనికి జోడించాలి. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద పరిశోధనలో, చక్కెర హద్దు మీద ఉన్నవారు ఇలా తిండీ నడకా మార్చుకుంటే మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. అదే పరిశోధనలో మాత్రలు మింగినవారికి తగ్గింది 31 శాతమే. మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మనవాళ్ళ మీదే చేసి 2006లో ప్రకటించిన పరిశోధనలో తగ్గుదల 28 శాతం పైచిలుకు. మనకు తగ్గింపు తక్కువే కావచ్చు, కాని దానికి ఖర్చు లేదు.

సిగరెట్టు, మద్యం అలవాటుంటే ముందు అవి మానాలి. రాత్రి ఏడు గంటల నిద్ర ఉండాలి.

ఇవి మాత్రం వంటింట్లో తేలే విషయాలు కావు

అన్నకు 51వ ఏట గుండెపోటు వచ్చిందన్న సంగతి మీ వారు డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే వెళ్ళి చెప్పమనండి. ఆ ఒక్క మాటతో డాక్టరు నిర్ణయం మారవచ్చు, కొలెస్టరాల్ మందు అవసరమనిపించవచ్చు. మందు రాస్తే పథ్యం ఉంది కదా అని మానకూడదు. నడకలో ఛాతీ పట్టేసినా, ఎడమ చెయ్యో దవడో లాగినా, అకారణంగా చెమటలు పట్టినా గ్యాసని సోడా తాగి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ట్రైగ్లిసరైడ్లు 500 దాటితే క్లోమానికే ప్రమాదం. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్న పాఠకులు అన్నం ఒక్కసారిగా తగ్గించవద్దు, చక్కెర పడిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పుల కొలత డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

చివరిగా ఒక మాట. అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. మీ వారి ఎత్తు, బరువు, చక్కెర, బి.పి. అన్నీ అంకెలతో రాశారు. మీ గురించి ఒక్క అంకె లేదు. అందరూ తిన్న తరువాత గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక తినేది ఎవరు? ఆ ఇంటి ఉప్పూ నూనే మీరూ తింటున్నారు. ఆఫీసువాళ్ళు మీకు పరీక్షలు చేయించరు. మీ వారి నడుము కొలిచిన టేపుతోనే మీ నడుమూ కొలుచుకోండి. 80 సెంటీమీటర్లు దాటితే, పొడి డబ్బాకని దాచిన సొమ్ములో కొంత తీసి మీరూ రక్తపరీక్ష చేయించుకోండి. మిగిలినదానితో నెలంతా కూరగాయలు, పెసలు, గుడ్లు, పళ్ళు కొనండి. పళ్ళెం మార్చడం ఒక్కరికోసం అయితే నెలరోజులు కూడా సాగదు, ఇంటిల్లిపాదికీ అయితే సాగుతుంది. పిల్లలు కూడా ఆ పళ్ళెంలోనే తినాలి. వారూ ఆ పెదనాన్నగారి వంశమే కదా.

మూడు నెలల తరువాత రెండు రిపోర్టులూ, మీ వారిదీ మీదీ, నాకు రాసి పంపండి.